కొత్త టెంట్ కుట్లకు ఏ సీలర్ కొనాలి? సీమ్ గ్రిప్ డబ్ల్యూపీ, సీమ్ గ్రిప్ సిల్, సీమ్ ష్యూర్ రివ్యూ

కొత్త టెంట్ కొని సీమ్ సీలర్ (కుట్టు బెజ్జాల్లోంచి నీళ్లు కారకుండా పూసే సరుకు) కోసం వెతికితే ముందుగా కంటపడేవి గేర్ ఎయిడ్ కంపెనీవి మూడు: సీమ్ గ్రిప్ డబ్ల్యూపీ, సీమ్ గ్రిప్ సిల్, సీమ్ ష్యూర్. పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి తెచ్చి పూసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లోపలున్న సరుకు మాత్రం మూడింట్లో మూడు రకాలు. మొదటిది సాల్వెంట్ కలిసిన చిక్కటి యురేథేన్ బంక. రెండోది సిలికాన్. మూడోది నీళ్లతో చేసిన పల్చటి యురేథేన్. మూడూ మంచి సరుకే. కానీ తప్పు గుడ్డ మీద పడితే ఎంత మంచిదైనా దండగే. అందుకే ఈ రివ్యూలో ఏది గొప్ప అన్నదానికంటే ఏది ఏ టెంట్‌కి అన్నదే ఎక్కువగా ఉంటుంది.

మూడింటిలో ఏది కొనాలన్నా ముందు మీ టెంట్ గుడ్డ ఏమిటో తెలియాలి. వాన ఆపే టెంట్లలో ఎక్కువభాగం పాలియెస్టర్ లేదా నైలాన్ గుడ్డకు లోపలి వైపు పాలీయురేథేన్ పూత వేసినవి. దీన్నే పీయూ కోటింగ్ అంటారు. తేలికపాటి ఖరీదైన టెంట్లలో సిల్‌నైలాన్, సిల్‌పాలీ వాడతారు, అంటే గుడ్డకు రెండు వైపులా సిలికాన్ పట్టించినవి. మూడో రకం ఈ రెంటి కలయిక: బయట సిలికాన్, లోపల పీయూ. స్పెసిఫికేషన్లలో 'సిల్/పీయూ' అని, 'సిల్/సిల్' అని, లేదంటే 'పీయూ 3000 మి.మీ.' అని రాసి ఉండేది దీని గురించే. ఆ 3000 మి.మీ. అనేది గుడ్డ ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపగలదో చెప్పే లెక్క. అది గుడ్డకు వర్తించేది, కుట్టుకు కాదు. 5000 మి.మీ. అని రాసిన టెంట్‌లో కూడా కుట్టు వెంట నీళ్లు కారడానికి కారణం ఇదే.

స్పెసిఫికేషన్ దొరక్కపోతే టెంట్ లోపలి కుట్లు చూడండి. కుట్టు మీద సుమారు 20 మి.మీ. వెడల్పున మెరిసే పారదర్శకమైన పట్టీ అతికించి ఉంటే అది ఫ్యాక్టరీ టేప్. ఆ టేప్‌ను వేడితో అతికిస్తారు, సిలికాన్ మీద అది నిలవదు. కాబట్టి టేప్ ఉందంటే లోపలి పూత పీయూనే. టేప్ లేకుండా, రెండు వైపులా తడిమినప్పుడు గుడ్డ ఒకేలా జారుతుంటే సిలికాన్ అని అనుమానించవచ్చు. నీటి బొట్టు వేసి చూసే పరీక్ష మాత్రం కొత్త టెంట్ మీద నమ్మదగ్గది కాదు. పీయూ గుడ్డలకు కూడా బయటి వైపు నీటిని తోసేసే డీడబ్ల్యూఆర్ ఫినిష్ ఉంటుంది, కొత్తలో బొట్టు దాని మీద కూడా ముత్యంలా నిలబడుతుంది.

అసలు తీర్పు చెప్పేది ఇంకో పరీక్ష. టెంట్‌తో వచ్చిన సంచి చాలాసార్లు అదే గుడ్డతో కుట్టి ఉంటుంది. అది వేరే గుడ్డైతే ఫ్లై (టెంట్ మీద వాన ఆపడానికి కప్పే బయటి గుడ్డ) అంచున కంటికి కనపడని మూల ఒకటి ఎంచుకోండి. మీరు కొన్న సీలర్‌ను అక్కడ కందిగింజంత పల్చగా రాసి, ఒక రోజు వదిలేసి, గోరుతో అంచు పట్టి లాగండి. పొర గుడ్డ మీదే ఉండి, గోరు దాని మీంచి జారిపోతుంటే సరైన జోడీ కుదిరినట్టే. స్టిక్కర్‌లా మొత్తం పొర లేచి వచ్చేసిందంటే, లేచిన పొర వెనక వైపు చూడండి: గుడ్డ నేత అచ్చు దిగి, శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది. ఎక్కడా పట్టుకోలేదన్నమాట. ఒక్క రోజు ఆగితే తేలిపోయే ఈ పరీక్ష చేయకుండా ఫ్లై అంతా పూసేయడం వల్లే 'సీలర్ పనికిరాదు' అనే రివ్యూలు పుట్టుకొస్తుంటాయి.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి. సిలికాన్ గుడ్డ మీద యురేథేన్ పూస్తే అది ఊడి వస్తుంది, అంతే. పొర లాగేసి, తుడిచి, సిలికాన్ పూసుకోవచ్చు. పీయూ గుడ్డ మీద సిలికాన్ పూస్తే వ్యవహారం వేరు. కొన్నాళ్లకు అది అంచుల దగ్గర లేస్తుంది, కానీ గుడ్డ మీద సన్నని సిలికాన్ జిడ్డు మిగిలిపోతుంది. ఆ జిడ్డు మీద యురేథేన్ గానీ, రిపేర్ టేప్ గానీ ఇక పట్టదు. ఎటూ తేల్చుకోలేకపోతే ముందు యురేథేన్‌తోనే పరీక్షించండి.

సీమ్ గ్రిప్ డబ్ల్యూపీ

పీయూ టెంట్లకు మూడింట్లో అన్నిటికంటే గట్టిది ఇదే. 28 గ్రాముల ట్యూబ్‌లో వస్తుంది, చిన్న 7 గ్రాముల ట్యూబులూ ఉన్నాయి. తేనె కంటే కాస్త చిక్కగా, తేలికపాటి పసుపు రంగులో ఉంటుంది. ఆరాక రబ్బరులా సాగే పారదర్శకమైన పొర మిగులుతుంది. ఇది సీలర్ మాత్రమే కాదు, బంక కూడా. చిన్న చిరుగుల్ని, లేచిపోయిన ఫ్యాక్టరీ టేప్ అంచుల్ని అతికించడానికి కూడా దీన్నే వాడతారు.

దీని బలం అంతా సూది బెజ్జంలో కనిపిస్తుంది. టెంట్ కుట్టేటప్పుడు సూది గుడ్డలోంచి దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం, దాన్ని పూర్తిగా నింపని దారం ఉంటాయి. పాలియెస్టర్ దారం తడిస్తే ఉబ్బదు, కాబట్టి బెజ్జం తనంతట తాను మూసుకోదు. పైగా దారం దీపపు వత్తిలా నీటిని పీల్చి లోపలికి లాక్కొస్తుంది. వానలో ఫ్లై బిగుసుకుని గాలి లాగినప్పుడు బెజ్జాలు ఇంకాస్త సాగుతాయి. సీమ్ గ్రిప్ చిక్కగా ఉంటుంది కాబట్టి ఈ సాగిన బెజ్జాల్ని కూడా నింపి, దారాన్ని కూడా పట్టుకుంటుంది. గ్రౌండ్‌షీట్ (టెంట్ నేల గుడ్డ) మూలలు, టెంట్‌ను లాగి నిలబెట్టే గై తాళ్లు కట్టే పట్టీలు, నేలలో కొట్టే పెగ్‌లకు (మేకులకు) తగిలించే లూపులు కుట్టిన చోట్లు లాంటి బరువు పడే జాగాల్లో దీనికి సాటి వచ్చేది లేదు.

లోపాలూ తక్కువేం కావు. సాల్వెంట్ వాసన ఘాటు, కాబట్టి తలుపులు మూసిన గదిలో పూయకూడదు. చేతికి అంటితే సబ్బుకు పోదు. గ్లౌజులు తప్పనిసరి, బట్టల మీద పడితే ఆశ వదులుకోవాలి. ఆరడానికి రాత్రంతా పడుతుంది. మామూలు వాతావరణంలో 8 నుంచి 12 గంటలకు పైన ఆరినట్టు అనిపిస్తుంది, మడతపెట్టడానికి మాత్రం పూర్తిగా 24 గంటలు ఆగడం మంచిది. ఇది గాలిలోని తేమతో గట్టిపడే రకం. అందుకే బాగా పొడిగా, చల్లగా ఉన్న రోజుల్లో మరీ ఆలస్యమవుతుంది. తొందరున్నవాళ్ల కోసం అదే కంపెనీ కోటాల్-240 అనే యాక్సిలరేటర్ అమ్ముతుంది. దాన్ని కలిపితే రెండు గంటల్లో గట్టిపడుతుంది, కానీ చేతిలో ఉన్నదంతా వెంటనే పూసేయాల్సి వస్తుంది. ఒక ఫ్లై మొత్తం సీల్ చేసే పనికి అది సరిపడదు. చిరుగు అతికించడానికి బాగుంటుంది.

కవరేజీ కూడా తక్కువే. 28 గ్రాములకు సుమారు మూడున్నర మీటర్ల కుట్టు వస్తుంది. ఇద్దరు పట్టే టెంట్ ఫ్లైకి కుట్లన్నీ కలిపి పది మీటర్ల దాకా ఉండొచ్చు. అంటే టేప్ లేని టెంట్ మొత్తానికి ఒక ట్యూబ్ సరిపోదు. కొనే ముందు కొలత టేపుతో కుట్లు కొలిచి లెక్క వేసుకోండి. సగంలో ట్యూబ్ అయిపోతే మిగతా సగం ఇంకో రోజుకు వాయిదా పడుతుంది, కలిసే చోట అతుకు మిగులుతుంది.

సీమ్ ష్యూర్

ఇది కూడా యురేథేనే, కానీ నీళ్ల ఆధారితం. పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక రంగు పోతుంది. వాసన దాదాపు లేదు, తడిగా ఉన్నప్పుడు చేతుల్ని సబ్బునీళ్లతో కడుక్కుంటే పోతుంది. రెండు గంటల్లో ఆరుతుంది. పల్చటిది కావడంతో కుట్టు పొడవునా త్వరగా పాకుతుంది, డబ్ల్యూపీతో పోలిస్తే ఒక్కో గ్రాముకు ఎక్కువ దూరం వస్తుంది. గుడ్డ బరువు పెరగదు, పూసిన చోట గట్టి గీతలా కనిపించదు.

ఫ్యాక్టరీ టేప్ ఉన్న కొత్త టెంట్‌కి మా సిఫార్సు ఇదే. అలాంటి టెంట్‌లో మీరు పూయాల్సిన చోట్లు చాలా కొద్ది. టేప్ మీదుగా మళ్లీ సీలర్ పూయడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఒక్కోసారి సాల్వెంట్ ఉన్న సీలర్ టేప్ బంకను మెత్తబరుస్తుంది కూడా. టేప్ లేకుండా వదిలేసిన చిన్న చిన్న కుట్లు వెతకండి. జిప్ మీద కప్పే పట్టీ కుట్టు, వెంటిలేషన్ కిటికీ గొడుగు అంచు, ఫ్లై లోపల పోల్‌కి కట్టే వెల్‌క్రో పట్టీలు, బ్రాండ్ లేబుల్ కుట్టిన చోటు. లేబుల్ కుట్టు అనగానే నవ్వుకోకండి. ఫ్లై మీద పైన కుట్టిన లేబుల్ చుట్టూ నలభై యాభై బెజ్జాలు ఉంటాయి, వాటి వెనక టేప్ వేయడం చాలా తయారీదారులు మర్చిపోతారు.

దీని బలహీనత పలుచదనమే. సాగి వెడల్పైన బెజ్జాన్ని ఒక్క పూత నింపలేదు. రెండు పూతలు వేయాలి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. పెగ్ లూపుల దగ్గర, నేల కుట్టు దగ్గర అది నిలవడం కష్టం. అక్కడ డబ్ల్యూపీనే వాడాలి. మంచి పద్ధతి ఏమిటంటే రెండూ కలిపి వాడటం: ఫ్లై కుట్లకు సీమ్ ష్యూర్ రెండు పూతలు, నాలుగు మూలలకూ నేలకూ చిన్న ట్యూబ్ డబ్ల్యూపీ.

సీమ్ గ్రిప్ సిల్

సిల్‌నైలాన్, సిల్‌పాలీ టెంట్లకు ఇది తప్ప ఈ కంపెనీలో మరో మార్గం లేదు. పాత పేరు సిల్‌నెట్, ఆ పేరుతోనే ఇంకా అడిగేవాళ్లున్నారు. సిలికాన్ గుడ్డలకు టేప్ అతకదు కాబట్టి చిన్న తయారీదారులు చాలామంది టెంట్‌ను సీల్ చేయకుండానే అమ్ముతారు, లేదా కొంత అదనంగా తీసుకుని చేసిస్తారు. అలాంటి కొత్త టెంట్‌కి పెట్టె తెరిచాక మొదటి పని ఇదే.

అయితే ప్రతి సిలికాన్ టెంట్‌కీ ఇది తప్పనిసరి కాదు. స్వీడన్‌కు చెందిన హిల్లెబర్గ్ తమ సిలికాన్ టెంట్లకు సీమ్ సీల్ చేయదు. గుడ్డ అంచుల్ని ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరసలు కుట్టి, కుట్టేటప్పుడు సూదిని చల్లబరుస్తారు. వేడెక్కిన సూది నైలాన్‌ను కరిగించి బెజ్జాన్ని పెద్దది చేస్తుంది, చల్లటి సూది చేయదు. మంచి కుట్టు సీలర్ పనిని సగం తగ్గిస్తుందనడానికి ఇది నిదర్శనం. మీ టెంట్ తయారీదారు సీలింగ్ అవసరం లేదని చెప్తే ముందు నీళ్లు పోసి చూడండి, అవసరమైతేనే పూయండి.

సిల్ ట్యూబ్‌లో సరుకు ట్యూబ్ నుంచి నేరుగా రాయడానికి చిక్కగా ఉంటుంది, జిగటగా లాగుతుంది. మినరల్ స్పిరిట్ (పెయింట్‌ను పల్చన చేయడానికి వాడే ద్రావకం) కొద్దిగా కలిపి పల్చన చేస్తే బ్రష్ సాఫీగా నడుస్తుంది, బెజ్జాల్లోకి కూడా బాగా దిగుతుంది. ఆరిన పొర నిగనిగలాడుతుంది, దుమ్ము అతుక్కుంటుంది. చూడటానికి అందంగా ఉండదు, కానీ సాగుడులో మూడింట్లో ఇదే ముందుంటుంది. వానలో తడిసి సాగే నైలాన్‌కు ఆ గుణమే కావాలి.

దీనికి చవకైన ప్రత్యామ్నాయం ఒకటి ఉంది. తలుపులు, కిటికీల సందులకు వాడే స్వచ్ఛమైన 100 శాతం సిలికాన్ సీలెంట్‌ను మినరల్ స్పిరిట్‌లో కరిగించడం. ఒక వంతు సిలికాన్‌కు రెండు వంతుల స్పిరిట్ పోసి, మూత గట్టి గాజు సీసాలో బాగా కుదిపితే చిక్కటి మజ్జిగలా తయారవుతుంది. 30 మి.లీ. సిలికాన్, 60 మి.లీ. స్పిరిట్ కలిపితే చిన్న టెంట్ ఫ్లైకి సరిపోతుంది. కొనేటప్పుడు రంగు వేయదగిన రకం, యాక్రిలిక్ కలిసిన రకం తీసుకోవద్దు, అవి గుడ్డకు పట్టవు. సిలికాన్ అలా సాల్వెంట్‌లో ఉన్నా గాలి తగిలితే గట్టిపడటం మొదలుపెడుతుంది, కాబట్టి కలిపిందంతా ఆ పూటే వాడేయాలి. నీళ్లు తడిసిన సీసా వాడితే కలిపేలోపే గడ్డలు కడుతుంది. ఇలా చేసిన సరుకు సిల్ ట్యూబ్‌కు ఏమాత్రం తీసిపోదు. ట్యూబ్ సౌకర్యం కోసం కొనేది, అంతే.

సిల్/పీయూ టెంట్ ఉన్నవాళ్లు ఎటు వైపు పూస్తున్నారో చూసుకుని కొనాలి. బయట పూస్తే సిల్, లోపల పూస్తే డబ్ల్యూపీ లేదా సీమ్ ష్యూర్. ఈ టెంట్లకు లోపల ఫ్యాక్టరీ టేప్ ఉంటే లోపలి వైపు పనితోనే ముగుస్తుంది.

పూసే పద్ధతి

మూడింటికీ పద్ధతి ఒకటే. కానీ ఫలితం ట్యూబ్ కంటే దీని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

టెంట్‌ను నేల మీద పరిచి పూయకూడదు. నిలబెట్టి, అన్ని పెగ్‌లూ కొట్టి, ఫ్లైని వానలో ఎంత బిగుతుగా ఉండాలో అంత బిగుతుగా లాగండి. వదులుగా ఉన్న కుట్టు మీద పూస్తే, తర్వాత లాగినప్పుడు బెజ్జాలు తెరుచుకుని పొర వాటి అంచున పగులుతుంది. బిగుతుగా ఉన్నప్పుడు పూస్తే సరుకు తెరిచి ఉన్న బెజ్జంలోకే దిగుతుంది. పీయూ టెంట్‌కి లోపలి వైపు పూయాలి కాబట్టి ఫ్లైని తిరగేసి పోల్స్ మీద వేసుకుంటే పని సులువు. అలా తిరగేసినప్పుడు పోల్ వంపు తేడా వచ్చి బిగుతు సరిగా రాకపోతే, తాళ్లతో అక్కడక్కడా లాగి సరిచేసుకోండి. సిలికాన్ టెంట్‌కి బయటి వైపే పూస్తారు, నీళ్లు తగిలేది అటే.

నీడ ఉన్న చోటు, గాలి ఆడే చోటు ఎంచుకోండి. ఎర్రటి ఎండలో పూస్తే పైపొర వెంటనే గట్టిపడి, కింద చిక్కుకున్న సాల్వెంట్ బుడగలుగా లేస్తుంది. 20 నుంచి 25 డిగ్రీల మధ్య వేడి, మామూలు తేమ ఉన్న రోజు బాగుంటుంది. మంచు పడే సమయానికి ముందే కనీసం ఆరేడు గంటలు ఉండేలా ఉదయమే మొదలుపెట్టండి.

కుట్టు వెంట గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడవాలి. కొత్త టెంట్ కదా, శుభ్రంగానే ఉంటుందని వదిలేయొద్దు. కుట్టేటప్పుడు పడ్డ నూనె మరకలు, డీడబ్ల్యూఆర్ ఫినిష్ తాలూకు జిడ్డు దాని మీద ఉంటాయి. తుడిచాక పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. గీత నీటుగా రావాలనుకుంటే కుట్టుకు రెండు వైపులా 5 మి.మీ. వదిలి మాస్కింగ్ టేప్ వేసుకోవచ్చు. సీలర్ సగం ఆరాక, ఇంకా మెత్తగా ఉండగానే టేప్ తీసేయాలి. పూర్తిగా గట్టిపడ్డాక తీస్తే సీలర్ అంచు కూడా వెంట లేచి వస్తుంది.

బ్రష్ 6 నుంచి 12 మి.మీ. వెడల్పున్నది, గట్టి వెంట్రుకలున్నది తీసుకోండి. ట్యూబ్‌తో పాటు ఇచ్చే బ్రష్ చాలాసార్లు మెత్తగా ఉంటుంది, డబ్ల్యూపీ చిక్కదనానికి వంగిపోతుంది. వెంట్రుకల్ని కత్తెరతో సగానికి కత్తిరిస్తే గట్టిపడుతుంది. సూది లేని 10 మి.లీ. సిరంజిలో నింపి కుట్టు మీద సన్నని గీతలా వేసుకుంటూ, వెనకాలే బ్రష్‌తో నొక్కుతూ పోతే సరుకు చాలా ఆదా అవుతుంది.

అసలు కిటుకు బ్రష్ కదిపే దిశలో ఉంది. కుట్టు పొడవునా ఒకే వైపు లాగితే సీలర్ దారం మీద వంతెనలా నిలబడి బెజ్జాన్ని దాటేస్తుంది. ముందు కుట్టుకు అడ్డంగా, బ్రష్ కొనను దారం కింద గుచ్చుతున్నట్టు చిన్న చిన్న విసుర్లు వేయాలి. తర్వాతే పొడవునా ఒక్కసారి లాగి సాఫీ చేయాలి. బాగా దిగితే గుడ్డ అవతలి వైపు ఒక్కో బెజ్జం దగ్గర తడి చుక్కలు సన్నగా కనిపిస్తాయి. మడత కుట్టు ఉంటే మడత నోరు ఎటు తెరుచుకుని ఉందో చూసి అక్కడ కూడా సీలర్ దూర్చాలి. నీళ్లు మడత సందులో చేరి పొడవునా నడిచి, ఎక్కడో దూరంగా చుక్కలా పడతాయి.

పెగ్ లూప్ మూలను దగ్గరగా చూడండి. అక్కడ గుడ్డ నాలుగైదు పొరలు, దాని మీద నైలాన్ పట్టీ, పట్టీ ఊడకుండా మిషన్ ముందుకూ వెనక్కూ గుచ్చిన దట్టమైన కుట్లు ఉంటాయి. సెంటీమీటరు చోటులోనే ఇరవై బెజ్జాలు పడతాయి. ఆ దట్టమైన కుట్టు మీద సీలర్‌ను ఒక చుక్క వేసి, అది దారాల్లోకి ఇంకే దాకా ఒక నిమిషం ఆగి, మళ్లీ ఒక చుక్క వేయాలి. ఒకేసారి గుట్టలా పోస్తే పైపైన గట్టిపడి లోపల మెత్తగానే ఉండిపోతుంది. కొన్ని వారాల తర్వాత ఆ ముద్ద మడత దగ్గర పగిలిపోతుంది.

మందంగా పూయడమే ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువమంది చేసే పొరపాటు. కుట్టుకు రెండు వైపులా 5, 6 మి.మీ. వెడల్పున, దారం ఆకారం కనిపించేంత పల్చగా ఉంటే చాలు. సీలర్ కిందికి కారి గీతలు కడుతోందంటే ఎక్కువైనట్టు. కారినదాన్ని అరగంటలోపు గుడ్డతో తుడిచేయండి.

ఆరాక డబ్ల్యూపీ, సిల్ రెండూ కొద్దిగా జిగటగా ఉంటాయి. మడతపెడితే ఒక కుట్టు ఇంకో కుట్టుకు అతుక్కుని, విప్పేటప్పుడు పూతను చీల్చుకుంటుంది. పూసిన గీతల మీద టాల్కం పౌడర్ కొంచెం చల్లి, మెత్తటి బ్రష్‌తో అద్దితే ఆ బాధ ఉండదు. మిగిలిన పౌడర్ దులిపేయండి. 24 గంటలు కాకముందే టెంట్‌ను సంచిలో కుక్కొద్దు. ఈ తొందరలో పాడైపోయిన టెంట్లు చాలానే ఉంటాయి.

నీళ్లు పోసి చూసుకోవడం

పూర్తిగా ఆరాక టెంట్ లోపల టిష్యూ కాగితాలు నేల అంచుల వెంట, మూలల్లో, పోల్ కలిసే చోట కింద పరచండి. బయటి నుంచి గొట్టంతో, వానలా పైనుంచి పడేట్టు, 15 నుంచి 20 నిమిషాలు నీళ్లు పోయండి. గొట్టాన్ని కుట్టుకు దగ్గరగా పెట్టి గట్టిగా కొట్టొద్దు. ఆ ఒత్తిడికి ఏ టెంట్ అయినా కారుతుంది. తర్వాత టిష్యూ తడిసిన చోట పైకి చూసుకుంటూ వెళ్లి, కుట్టు మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. కారేది గుర్తు దగ్గరే అని అనుకోవద్దు. చుక్క పడిన చోటు నుంచి ఎగువకు ఒక చాచిన చేతి పొడవు వరకూ కుట్టును చూడాలి.

ఒక చిక్కు తప్పకుండా ఎదురవుతుంది. లోపల తడి కనిపించిందంటే చాలామంది వెంటనే సీలర్‌ను తిడతారు. మనుషుల ఊపిరి, తడి నేల వల్ల ఫ్లై లోపలి వైపు చెమ్మ పట్టడం సహజం. చెమ్మ అయితే గుడ్డ అంతా సమానంగా సన్నని తడి పొరలా ఉంటుంది, వాన లేని రాత్రి కూడా వస్తుంది. లీకైతే కుట్టు వెంట గీతగా ఉంటుంది, అక్కడే చుక్కలు కడుతుంది. చెమ్మకు మందు వెంటిలేషన్ తెరవడం, సీలర్ కాదు.

మళ్లీ పూయాల్సి వస్తే పూసినదాని మీదే, అదే రకంతో, ఆల్కహాల్‌తో తుడిచి పూయొచ్చు. ఫ్యాక్టరీ టేప్ అంచు లేస్తే దాన్ని లాగి పీకొద్దు. లేచిన మేరకు దాని కింద ఆల్కహాల్‌తో తుడిచి, డబ్ల్యూపీ సన్నగా రాసి, పైన బేకింగ్ పేపర్ పరచి బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. టేప్ మొత్తం పొట్టులా రాలిపోతుంటే మాత్రం ఇక దాన్ని పూర్తిగా తీసేసి, బంక మిగలకుండా శుభ్రం చేసి, టేప్ లేని టెంట్‌లా సీల్ చేసుకోవాలి. పీయూ పూతే జిగటగా మారి పుల్లటి వాసన వస్తుంటే కుట్లకు పూయడంలో అర్థం లేదు. గుడ్డ పూతే పాడైంది, ఏ సీలర్ కూడా దాన్ని కాపాడలేదు.

టెంట్ స్ప్రేల గురించి కూడా అడుగుతుంటారు. నిక్‌వాక్స్ టెంట్ అండ్ గేర్ సోలార్‌ప్రూఫ్ లాంటివి గుడ్డ నీటిని తోసేసేలా చేయడానికి, ఎండ నుంచి కాపాడటానికి ఉద్దేశించినవి. గుడ్డ తడిసి బరువెక్కకుండా అవి చేసే పని మంచిదే, కానీ బెజ్జం మూయడం వాటివల్ల కాదు. ముందు సీలర్, అది ఆరాకే స్ప్రే. వరస తిప్పితే సీలర్ పట్టదు. కాటన్ కాన్వాస్ టెంట్లకు ఈ మూడు ట్యూబుల్లో ఏదీ ముందుగా అవసరం లేదు. వాటిని రెండు మూడుసార్లు బాగా తడిపి ఆరబెడితే కాటన్ దారం ఉబ్బి బెజ్జాలు బిగుసుకుంటాయి. ఆ తర్వాత కూడా కారే చోటకే సీలర్.

ఇక కొనడం. ఫ్యాక్టరీ టేప్ ఉన్న పీయూ టెంట్‌కి సీమ్ ష్యూర్ ఒక సీసా, 7 గ్రాముల డబ్ల్యూపీ ట్యూబ్ ఒకటి. టేప్ లేని పీయూ టెంట్‌కి సీమ్ ష్యూర్‌తో పాటు 28 గ్రాముల డబ్ల్యూపీ. సిల్/సిల్ టెంట్‌కి సీమ్ గ్రిప్ సిల్, ఓపిక ఉంటే దానికి బదులు సిలికాన్, స్పిరిట్ కలిపిన సరుకు. డబ్ల్యూపీ పెద్ద ట్యూబ్ కంటే చిన్నవి కొనడమే మేలని మా అభిప్రాయం. ఒకసారి తెరిచిన ట్యూబ్‌లోకి తేమ చేరి, మూత దగ్గర మొదలై క్రమంగా లోపలంతా రబ్బరు కడ్డీలా గట్టిపడుతుంది. తెరిచాక మిగిలితే ట్యూబ్‌లో గాలి లేకుండా నొక్కి, మూతి శుభ్రంగా తుడిచి, మూత బిగించి, జిప్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగి వాడే ముందు గది వేడికి వచ్చే దాకా మూత తీయొద్దు. చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలోని తేమ లోపలికి చేరి, మిగిలిన సరుకు ఆ ఒక్కసారితోనే పోతుంది.